దారం కింది ముడి

చక్రపాణి గారు ఏడు పాత గోల్ఫ్ కర్రలు కొన్న సంగతి అమీర్‌పేటలోని ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మూడంతస్తుల్లోనూ ఒక్క పూటలో తెలిసిపోయింది. అవి నూటఇరవై ఏళ్లనాటివట, స్కాట్లాండ్‌లో చేసినవట. వాటి దుమ్ము దులిపి, వదులైన దారాలు బిగించే మనిషి కోసం ఆయన వెతుకుతున్నారని విని, రిసెప్షన్‌లో కూర్చునే అనిత లేచి నిలబడింది.

"మా నాన్నగారికి ఆ పని తెలుసు సార్."

రెండేళ్లుగా ఆమె అదే కుర్చీలో కూర్చుంటున్నా, చక్రపాణి గారు ఆమెను పేరు పెట్టి పిలవడం ఆ రోజే మొదలు.

"అవునా అనితా? మీ నాన్నగారు గోల్ఫ్ ఆడేవారా?"

"కాదు సార్. కర్రలు చేసేవారు."

అది రెండు వేల సంవత్సరం ఫిబ్రవరి. డిసెంబర్ ముప్పై ఒకటితో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం తీరిపోయి, ఇక జావా నేర్చుకున్నవాడిదే రాజ్యమని అమీర్‌పేట అంతా నమ్ముతున్న రోజులు. మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చాలు, చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి. ఒక్కో మెట్ల దారికి పదేసి బోర్డులు వేలాడేవి.

అనిత తండ్రి శివరాములుకు ఆ బోర్డుల్లో ఒక్క ముక్క అర్థం కాదు. ఆయనది సిరిసిల్ల, పద్మశాలి ఇల్లు. పదహారో ఏట మగ్గం వదిలేసి పట్నం వచ్చి, ఊరి బయట గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ల సంచులు మోశాడు. ఒకసారి తెగిన సంచి పట్టీని దారంతో కట్టి ఇస్తే, వర్క్‌షాపు మేస్త్రి రాజనర్సయ్య ఆ కట్టు చూసి, "నువ్వు సంచులు మోసేటోనివి కాదురా" అని తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. అప్పట్లో పెద్ద కర్రల తలకాయలు చెక్కవే. తలకాయ, కాడ కలిసే మెడ దగ్గర మైనం పట్టించిన దారం బిగించి చుట్టాలి. ఒక్క చుట్టు వదులైనా బంతిని కొట్టిన అదురుకు మెడ చీలిపోతుంది. శివరాములు చుట్టిన దారం ఏళ్ల తరబడి కదిలేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు అదే పని చేశాడు.

తర్వాత లోహపు తలకాయల కర్రలు వచ్చాయి. రాజనర్సయ్య చనిపోయాడు. వర్క్‌షాపు మూసేసి అక్కడ బూట్లు, టోపీలు అమ్మే దుకాణం పెట్టారు. శివరాములు పంజాగుట్టలో ఒక సందు లోపల చిన్న గది అద్దెకు తీసుకుని క్యారంబోర్డులకు అంచులు అతికిస్తూ, టెన్నిస్ రాకెట్లకు తీగలు లాగుతూ, చేతికర్రలకు రబ్బరు బుడిపెలు తొడుగుతూ బతుకుతున్నాడు. అయినా పాత ఆటగాళ్లు కొందరు తమ చెక్క కర్రలు ఆయన దగ్గరికే పంపేవాళ్లు. పాత బంగళా అటకల మీద దొరికిన కర్రలు తెచ్చి, ఇదేమిటో చెప్పమనేవాళ్లు. అప్పుడు ఆయన అద్దాలు పెట్టుకుని, కర్రను వెలుతురుకి తిప్పి, చెక్క ఏదో, అతుకు ఏ రకమో, ఏ కాలపుదో చెప్పేవాడు. క్యారంబోర్డు గురించి మాట్లాడే గొంతు, ఈ గొంతు ఒకటి కావు. భార్య దేవవ్వ ఆ తేడా కనిపెట్టి నవ్వేది. "మా ఆయనకు గా కర్ర దొరికితే పంతులైతడు" అనేది.

అనిత పిలవగానే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు.

చక్రపాణి గారిది తెనాలి. పన్నెండు కంప్యూటర్లతో ఒక్క గదిలో మొదలుపెట్టి అయిదేళ్లలో మూడంతస్తులకు ఎదిగిన మనిషి. మర్యాదస్తుడు. శివరాములును "రండి, రండి, కూర్చోండి" అని ఎదురొచ్చి పిలిచి కాఫీ తెప్పించాడు. బల్ల మీద ఎర్ర మఖమల్ గుడ్డ, దాని మీద ఏడు కర్రలు. ముట్టుకునే ముందు చక్రపాణి రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"చూడండి శివరాములు గారూ. అప్పటి పనితనం చూడండి. ఇప్పుడెక్కడ వస్తుందండీ ఇలాంటిది?"

అనిత తలుపు దగ్గర నోట్‌బుక్కు పట్టుకుని నిలబడింది. తండ్రి వైపు చూసి చిన్నగా నవ్వింది.

శివరాములు ఒక కర్ర తీసుకున్నాడు. బాతు ముక్కులా సాగిన తలకాయ, సన్నటి మెడ, మెడ పొడవునా నల్లటి దారం. బొటనవేలు దారం మీద పైనుంచి కిందికి జరిపాడు. మళ్లీ కర్ర తిప్పి ఇంకోవైపు జరిపాడు. తలకాయ బోర్లించి అడుగు చూశాడు. రెండోది తీసుకున్నాడు. మూడోదానికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"సార్, జర ఈ దారం కొస ఇప్పి చూడాల్నా?"

"పాడవదు కదా?"

"మళ్ల నేనే చుట్టిస్త."

గోటితో కొస లేపి, అయిదారు చుట్లు విప్పాడు. దారం కింద, కాడను ఆనుకుని, గింజంత ముడి ఉంది. శివరాములు దాన్ని చాలాసేపు చూశాడు.

"సార్, గివి స్కాట్లాండ్‌వి కావు."

చక్రపాణి నవ్వాడు. "అదేంటండీ? కింద పేరు కూడా ఉంది."

"పేరు మొన్న కాల్చి ఏసిండ్రు సార్. చూడుండ్రి, చుట్టూ గీకిన గుర్తు. ఇంతకు ముందు అక్కడ వేరే ముద్ర ఉండె." కర్రను చక్రపాణి దగ్గరగా జరిపాడు. గొంతులోకి ఆ పంతులు వచ్చేశాడు. "పాతకాలపోళ్లు తలకాయ మెడను, కాడ కొసను రెండింటిని ఏటవాలుగ చెక్కి, ఒకదాని మీద ఒకటి పండబెట్టి సరేసుతోని అతికేటోళ్లు. జానెడు పొడుగు అతుకు. అది ఊడకుండ జానెడు పొడుగు దారం. తర్వాత తర్వాత, పారకు కర్ర దిగగొట్టినట్టు, తలకాయకు బెజ్జం ఏసి కాడను దాంట్ల దించుడు వచ్చింది. దానికి రెండు వేళ్ల మందం దారం చాలు. గివి బెజ్జం కర్రలే సార్. పాతకాలపు అతుకు లెక్క కొట్టాలని జానెడు దారం చుట్టిండ్రు. మీ బొటనవేలు ఇట్ల పెట్టుండ్రి. ఏటవాలు అతుకైతే ఒక దిక్కు ఎత్తుగ తగులుతది. దీనికి చుట్టూ ఒక్క తీరుగ గుండ్రంగ లేదా?"

చక్రపాణి వేలు పెట్టి చూశాడు.

"నేలకు రాసుకునే అంచుకు కొమ్ము బద్ద ఏస్తరు. వాళ్లది పొట్టేలు కొమ్ము, మూడు కొయ్యచీలలు కొడతరు. గిది బర్రె కొమ్ము. పెళుసు. అందుకని మా మేస్త్రి నాలుగు కొట్టిండు. తలకాయ తునికి చెక్క, బీడీ ఆకు చెట్టు. కాడ చిరుమాను. అన్నీ మన అడవులవే సార్."

"మీ మేస్త్రా?"

"అవు సార్. డెబ్బై ఒకటిల మైదానానికి పాతికేండ్ల పండుగ జేసిండ్రు. సెక్రటరీ సాబ్ పుస్తకంల బొమ్మ చూపెట్టి గిట్లాంటివి ఎనిమిది జెయ్యమన్నడు. గెలిచినోనికి ఒకటి ఇచ్చి, తక్కినవి హాలు గోడకు ఏలాడగట్టిండ్రు. హాలు కొత్తగ కట్టినప్పుడు పాత సామాన్లల్ల అమ్మేసిండ్రు. ఎవరో కొనుక్కొని ముద్ర గీకిండ్రు." ముడి మీద వేలు పెట్టాడు. "మగ్గం మీద పోగు తెగితే ఏసే ముడి సార్ గిది. దారం చుట్టేటోళ్లు ఎవ్వలు ఇది ఏయరు. నాకు చిన్నప్పటి అలవాటు. చెక్కుడు మేస్త్రిది, దారం నాది. గివి నేను చేసినయి సార్."

చెబుతూ నవ్వుతున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత చూస్తున్నాడు వాటిని. కొసలు వదులైనా ఒక్క చుట్టు కూడా జారలేదు. సార్ కూడా కొంచెమైనా సంతోషిస్తాడనే అనుకున్నాడు.

చక్రపాణి చేతిలో కర్రను బల్ల మీద పడేశాడు. ఇందాకటి రుమాలు బయటికి తీసి వేళ్లు తుడుచుకున్నాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"మేస్త్రి పోయిండు సార్. సెక్రటరీ సాబ్ సుత పోయిండు."

చక్రపాణి లేచి తలుపు మూశాడు. అనిత లోపలే ఉండిపోయింది. "ఆదివారం పంజాగుట్టలో మన కొత్త బ్రాంచి ప్రారంభం. కామరాజు గారు వస్తున్నారు. రైల్వేలో చాలా పెద్ద హోదాలో చేసి రిటైరయ్యారు. ఆ మైదానంలో నాకు సభ్యత్వం ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. ఇవి కొన్నదే ఆయనకు చూపించడానికి. మీరు ఆ రోజు వచ్చి, నేను పరీక్షించాను, అసలైన పాత కర్రలే అని ఒక్క మాట చెప్పండి. చాలు."

"నాతోని కాదు సార్."

"ఎవరికి నష్టమండీ?"

"దారాలు బిగిస్త సార్. గా మాట మాత్రం చెప్ప."

చక్రపాణి ఒత్తిడి చెయ్యలేదు. మెట్ల దాకా వచ్చి సాగనంపుతూ, "అనిత చాలా మంచి అమ్మాయండీ. ఆ బ్రాంచి ఇన్‌చార్జిగా ఎవరిని వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను" అన్నాడు.

సాయంత్రం తండ్రీకూతుళ్లు బల్కంపేటలో తమ ఇంటివైపు నడిచారు. సెవెన్ సీటర్ ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి. ఎల్లమ్మ గుడి మలుపు దగ్గర అనిత తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, ఒక్క మాటే గదా."

"అబద్ధం బిడ్డా."

"ఆ ఆఫీసుల అందరు అబద్ధాలే చెప్తరు. మూడు నెలలల్ల ఉద్యోగం అని రోజుకు యాభై మందికి నేనే చెప్త. నాది అబద్ధం గాదా?" ఆగింది. "రెండేండ్ల సంది అక్కడ నేను నోరు తెరవంగనే నవ్వుతరు. 'వచ్చిండు' అంటే నవ్వుడు, 'గట్ల' అంటే నవ్వుడు. అందుకే వాళ్ల లెక్క మాట్లాడుడు నేర్చుకున్న. నిన్ను సుత నాన్నగారు అంటున్న. ఇన్‌చార్జినైతే ఎవ్వడు నవ్వడు."

"నీకు గా కుర్చీ ఇంకో తీరుగ రాదా?"

"వచ్చేదైతే ఎప్పుడో వచ్చేది. నీ పని గొప్పదంటవు. ఎవలికి కావాలె బాపూ? మైదానపోళ్లు నిన్ను ఇంటికి పంపిన రోజు ఒక్కడన్న ఆగుమన్నడా? ఇయ్యాల మొదటిసారి నీ పని నాకు అక్కరకొస్తది. అదొక్కటి జెయ్యలేవా?"

ఇంటికొచ్చాక దేవవ్వ చీరకు ఫాల్ కుడుతూ అంతా విని, "నువ్వు చెప్పకు. పిల్ల ఏడ్చినా చెప్పకు" అంది.

కానీ శివరాములు మనసులో ఇంకోటి కూడా తిరుగుతోంది. అది దేవవ్వకు చెప్పుకోలేదు. పెద్దమనుషులు చుట్టూ చేరి, తన చేతి దారం చూసి, ఆహా ఎంతటి పనివాళ్లు అంటుంటే పక్కన నిలబడి వినాలనిపించింది. ఎవరి పేరున అంటే ఏం? అనేది ఆ దారాన్నే కదా.

శనివారం సాయంత్రం అనితతో, "చెప్త పో" అన్నాడు.

ఆదివారం పొద్దున పదింటికి పంజాగుట్ట బ్రాంచిలో కొబ్బరికాయ కొట్టారు. కొత్త రంగు వాసన, బంతిపూల వాసన కలిసిపోయి ఉన్నాయి. గోడకు అద్దాల పెట్టె, అందులో లైటు, ఏడు కర్రలు. పట్టుచీర కట్టుకుని అనిత పళ్లెంలో మిఠాయిలు పంచుతోంది. డెబ్బై దాటిన కామరాజు గారు నిటారుగా నడిచి వచ్చి రిబ్బను కత్తిరించారు. చక్రపాణి ఆయన్ని పెట్టె దగ్గరికి తీసుకెళ్లాడు. వెనక ఇరవై మంది.

"నూటఇరవై ఏళ్లనాటివి సార్. ఈయన శివరాములు గారు. మీ మైదానంలోనే పనిచేశారు. స్వయంగా పరీక్షించారు. చెప్పండి శివరాములు గారూ."

శివరాములు చేతులు కట్టుకున్నాడు. "చూసిన సాబ్. అసలియే. ఏటవాలు అతుకు కర్రలు. స్కాట్లాండ్‌వి."

నాలుగు ముక్కలు.

కామరాజు గారు పెట్టె తెరిపించి ఒక కర్ర తీసుకున్నారు. దారం మీద చెయ్యి వేసి, "పనితనం మాత్రం అద్భుతం" అన్నారు. శివరాములు తల ఎత్తాడు. కామరాజు గారు కర్రను బోర్లించారు. కళ్లద్దాలు సర్దుకుని అడుగు చూశారు. వేలితో లెక్కపెట్టారు. తర్వాత పెద్దగా నవ్వారు.

"నాలుగు చీలలు! చక్రపాణీ, నిన్నెవడో ముంచేశాడయ్యా. ఇవి మన మైదానంలో చేసినవే. డెబ్బై ఒకటి పోటీలో గెలిచింది నేనే. ఇలాంటిదే నాకిచ్చారు. ఇప్పటికీ మా హాల్లో ఉంది. రాజనర్సయ్య అని ఒక మేస్త్రి ఉండేవాడు, వాడి చెయ్యి ఇది." మళ్లీ దారం తడిమారు. "మంచి పనివాళ్లు. ఇప్పుడు లేరు."

చుట్టూ నవ్వులు. చక్రపాణి ముఖం ఎర్రబడి, ఒక్క క్షణంలో మామూలైంది. శివరాములు వైపు తిరిగాడు.

"ఏంటండీ ఇది? మీరు చూసి చెప్పారనే కదా నేను నమ్మింది?"

శివరాములుకు మొదట అర్థం కాలేదు. "సార్... మొన్ననే చెప్పిన గద సార్ మీకు. గివి ఇక్కడివే అని."

"నాకా? ఎప్పుడు?" చక్రపాణి గొంతు పెంచలేదు. "అనితా, నువ్వు గదిలోనే ఉన్నావుగా. మీ నాన్నగారు నాతో అలా చెప్పారా?"

అనిత చేతిలో పళ్లెం ఉంది. ఇరవై మందీ ఆమె వైపే చూశారు. శివరాములు కూడా చూశాడు. కంగారేమీ లేకుండా, నిజం తెలిసిన మనిషి దొరికిందన్నట్టు చూశాడు.

"లేదు సార్" అంది అనిత.

శివరాములు కామరాజు గారి వైపు తిరిగాడు. "సాబ్, గివి నేనే చేసిన. రాజనర్సయ్య మేస్త్రి దగ్గర నేను దారం చుట్టేటోన్ని. మీ కర్రకు చుట్టింది సుత నేనే. దారం కింద మగ్గం ముడి ఉంటది."

కామరాజు గారు ఆయన్ని పైనుంచి కింది దాకా చూశారు. గుర్తు రాలేదు. "నువ్వే చేసినవాడివైతే, స్కాట్లాండ్‌వని ఎలా చెప్పావయ్యా?"

శివరాములు దగ్గర ఉన్న ఒక్క జవాబూ పళ్లెం పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది.

"అయితే అమ్మినవాడూ, ఈయనా ఒకటేనన్నమాట" అన్నాడు చక్రపాణి. తర్వాత నవ్వేశాడు. "పోనివ్వండి సార్. శుభమా అని ప్రారంభం చేసుకుంటూ ఎందుకు. శివరాములు గారూ, మీరు వెళ్లండి."

ఎవరూ చెయ్యి పట్టుకుని గెంటలేదు. దారి ఇచ్చారు. ఆయన మెట్లు దిగి, ఎండలో రోడ్డు దాటి, తన గదికి వెళ్లి తలుపు తీసి కూర్చున్నాడు. ఆదివారం కావడంతో సందులో ఎవరూ లేరు.

సాయంత్రం అనిత ఇంటికి వచ్చింది. దేవవ్వ కుట్టు మిషను ఆపింది. అప్పటికే శివరాములు నోటి నుంచి నాలుగు మాటలు రాబట్టింది.

"కన్నబిడ్డవై బాపును దొంగను జేసినవా?"

"నేను ఒక్క మాటే అన్న అవ్వా. ఆ సార్ అట్ల అడుగుతడని నాకెరుకనా?" అనిత నేల మీద కూలబడింది. "అవునంటే ఇద్దరం రోడ్డు మీదుంటుమి."

"ఒక్కడే ఉన్నడు ఇప్పుడు" అంది దేవవ్వ.

శివరాములు కూతురిని ఏమీ అనలేదు. తిట్టినా బాగుండునని అనితకు చాలా రోజులు అనిపించింది. ఆయన అన్నం తిన్నాడు, పడుకున్నాడు, పొద్దున్నే షాపుకు పోయాడు. ఆ తర్వాత కూతురితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆమె పంజాగుట్ట బ్రాంచిలో ఇన్‌చార్జి కుర్చీలో కూర్చుంది. తండ్రి సందు అక్కడికి అయిదు నిమిషాల నడక. ఒక్కరోజు కూడా ఇటు రాలేదు.

చక్రపాణికి సభ్యత్వం వచ్చింది. మోసపోయినా నవ్వి ఊరుకున్న పెద్దమనిషి అని కామరాజు గారే నలుగురికీ చెప్పారట. కర్రలు అద్దాల పెట్టెలోనే ఉన్నాయి. వచ్చినవాళ్లకల్లా చక్రపాణి ఆ కథ చెప్పి నవ్వించేవాడు. కథలో శివరాములు ఎప్పుడూ దొంగే. ఆ నవ్వు మైదానం దాకా పోయింది. చెక్క కర్రలు పంపే అయిదారుగురు పంపడం మానేశారు. ఎవరో ఒక పాత సామాన్ల వ్యాపారి మాత్రం షాపు వెతుక్కుంటూ వచ్చి, "మస్తు జేస్తవట గద చాచా, మాక్కూడ నాలుగు పాతయి జేసియ్యి" అన్నాడు. శివరాములు అతన్ని బయటికి పొమ్మన్నాడు. పోతూ పోతూ అతను, "ఇప్పుడేం కొత్తగా?" అన్నాడు.

ఎండాకాలం దాటాక ఒక మధ్యాహ్నం కామరాజు గారు వచ్చారు. సందులోకి కారు పట్టక నడిచి వచ్చారు. చేతిలో తన కర్ర, డెబ్బై ఒకటిలో గెలిచినది.

"దారం కొస లేచిందయ్యా. విప్పి చూశాను. లోపల నువ్వు చెప్పిన ముడే ఉంది." స్టూలు మీద కూర్చున్నారు. "ఆ రోజు నీ ముఖం గుర్తుపట్టలేకపోయాను. చేసింది నువ్వే. ఒప్పుకుంటున్నాను."

శివరాములు చేతులు జోడించాడు. ఆరు నెలలుగా ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగాడు.

"సాబ్, నేను అబద్ధం చెప్పిన. కాదన. గని అమ్మినోనితోని కలవలేదు. చక్రపాణి సార్‌కు ముందుగాల్నే నిజం చెప్పిన. బిడ్డ ఉద్యోగం కోసం తర్వాత గా మాట అన్న. గింత మైదానంల ఎవలికన్న చెప్పుండ్రి సాబ్. మీరు చెప్తే వింటరు."

కామరాజు గారు కాసేపు కర్ర వైపు చూశారు. ఆయన నమ్మారు. నమ్మినట్టు ముఖంలో తెలిసింది.

"ఎందుకయ్యా ఇప్పుడు? అందరూ మరిచిపోయారు. చక్రపాణి ఇప్పుడు కమిటీలో ఉన్నాడు. నేను వెళ్లి అతను అబద్ధమాడాడని ఎలా చెప్పను? బాగుండదు. నువ్వు దీనికి దారం చుట్టిపెట్టు. నీలా ఇంకెవరూ చుట్టలేరు."

శివరాములు కర్రను చేతిలోకి తీసుకున్నాడు. తునికి చెక్క ముదిరి నల్లగా మెరుస్తోంది. మేస్త్రి గీసిన గీత ఒక్కటీ అరగలేదు. దారం ఎక్కడ వదులైందో, ఎన్ని చుట్లు పడుతుందో చూడగానే తెలిసింది. అర గంట పని.

"కండ్లు కనబడుతలేవు సాబ్" అని తిరిగి ఇచ్చేశాడు. "గీ పని బంద్ జేసిన."

కామరాజు గారు ఆ సూదిమొన లాంటి చూపును చూసి అబద్ధమని గ్రహించారో లేదో. కర్ర పట్టుకుని నెమ్మదిగా సందు దాటారు.

మరుసటి ఏడు అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయని పేపర్లలో వచ్చింది. వెళ్లినవాళ్లు తిరిగి వస్తున్నారు. అమీర్‌పేట మెట్ల మీద జనం పలచబడ్డారు. రెండు వేల ఒకటి నవంబర్‌లో చక్రపాణి పంజాగుట్ట బ్రాంచి ఎత్తేశాడు. పది మందిని తీసేశాడు. మొదటి పేరు అనితది. చెప్పడానికి ఆయన రాలేదు. ఒక గుమాస్తా కాగితం ఇచ్చిపోయాడు.

మర్నాడు అనిత అమీర్‌పేట ఆఫీసుకు వెళ్లింది. చక్రపాణి గదిలో నలుగురు స్టాఫ్ ఉన్నారు. వాళ్ల ముందే చెప్పింది. ఈసారి వాళ్ల భాషలో మాట్లాడలేదు.

"సార్, గా రోజు మా బాపు మీకు ముందుగాల్నే చెప్పిండు. ఆ కర్రలు ఇక్కడియే అని. నేను విన్న. మీరడిగితే లేదన్న. అబద్ధం చెప్పిన."

స్టాఫ్ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకతను నవ్వు ఆపుకోవడానికి కిందికి చూశాడు. చక్రపాణి కోప్పడలేదు.

"ఉద్యోగం పోతే బాధ ఉంటుందమ్మా. అర్థం చేసుకోగలను. ఎక్కడైనా అవకాశం ఉంటే తప్పకుండా చెప్తాను" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా తండ్రి షాపుకు నడిచింది. రెండేళ్లు కావస్తుండగా మొదటిసారి ఆ సందులోకి వచ్చింది. శివరాములు ఒక రాకెట్‌కు తీగ లాగుతున్నాడు. ఆమె గడపలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన తీగ వదలకుండా విన్నాడు.

"నమ్మిండ్రా?"

"లేదు బాపూ."

"ఎట్ల నమ్ముతరు? కుర్చీ ఉన్నప్పుడు చెప్తే నమ్ముదురు. పోయినంక చెప్తే కడుపుమంట అంటరు." తీగను ఇంకో రంధ్రంలోంచి లాగాడు. "నేను గట్లనే గదా. ముందుగాల అబద్ధం చెప్పి తర్వాత నిజం చెప్పిన. ఇద్దరం ఒక్క తీరే."

అనిత ఏడ్చింది. ఆయన లేచి దగ్గరికి రాలేదు. ఏడవొద్దని కూడా అనలేదు. ఎదుటి టీ బండి వాడికి చెయ్యి ఊపి రెండు చాయలు తెమ్మన్నాడు. వచ్చాక ఒక గ్లాసు ఆమె వైపు జరిపి, రెండోది తాగి, మళ్లీ రాకెట్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంటికి పో బిడ్డా" అన్నాడు కాసేపటికి. "మీ అవ్వ ఎదురుచూస్తది."

ఆమె వెళ్లింది. ఆ రాకెట్ సాయంత్రానికి ఇవ్వాలి. ఆయన తీగ చివర బిగించి, మిగిలిన ముక్క కత్తిరించాడు.